పచ్చి బొంగే కుండ

సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక సాయంత్రం భీమిలి ఇసుకలో మంట వేసి బొంగులో చికెన్ చెయ్యబోయాం. ఇల్లు కడుతున్న చోట మిగిలిపోయిన వెదురు కర్ర తెచ్చి రెండు ముక్కలు కోశాం. మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి కొబ్బరి పీచు దట్టించి నిప్పుల మీద పెట్టాం. పది నిమిషాలైందో లేదో ఒకటి ఫట్‌మని చీలింది. రెండోది నిలువునా అంటుకుంది. ఇసుకలో పడ్డ ముక్కల కోసం కుక్కలు వచ్చాయి. మేం బజారుకెళ్లి ఇడ్లీ తిని ఇంటికి చేరాం.

మరుసటి వారం అరకు వెళ్తూ, అనంతగిరి దాటాక రోడ్డు పక్కన బొంగులు కాలుస్తున్న ఒకావిడకి ఈ సంగతి చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఎండిపోయింది కట్టె బాబూ, పచ్చిది కుండ. కట్టెలో కూర వండుతారేటి?” అంది.

బొంగు వంట కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

కొండకీ కడలికీ చుట్టరికం

చలి ముదిరితే కొండెక్కాలనిపించడం లోకమంతటా ఉన్నదే. మంచు మీద జారే ఆటల కోసం ఆల్ప్స్ కొండలకు వెళ్లినవాళ్లు, సాయంత్రం గిన్నెడు చీజ్ కరిగించుకుని అందులో రొట్టె ముక్కలు ముంచుకు తింటారు. మన దేశంలో స్కీయింగ్‌కి పేరుపడ్డ ఔలీ ఉన్నది గఢ్వాల్ కొండల్లో. అక్కడివాళ్ల చలికాలపు తిండి మండువా రొట్టె. మండువా అంటే మరేదో కాదు, మన చోళ్లే. నీటి వసతి లేని వాలు నేలల్లో పండేది అదే కాబట్టి అక్కడ రొట్టె అయింది, ఇక్కడ అంబలి అయింది.

మనకు జారేంత మంచు లేదు. తెలుగులో మాట ఒకటే అయినా మన కొండల మీద దొరికేది పొగమంచు. దానికోసమే చింతపల్లి మండలం లంబసింగికి జనం అర్ధరాత్రి బయల్దేరతారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ చలి ఒక్కోసారి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. పాడేరు దగ్గరి వంజంగిలో అయితే మబ్బులు కాళ్ల కింద సముద్రంలా పరుచుకుంటాయి. పొద్దున లేస్తే సముద్రాన్ని చూసే భీమిలి వాళ్లం, ఇంకో సముద్రం చూడ్డానికి ఘాట్ రోడ్డు ఎక్కుతామన్నమాట.

కొండతో మాకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, చివరికి భీమిలి దగ్గరే కడలిలో కలుస్తుంది. తగరపువలస, శృంగవరపుకోట మీదుగా మేం పైకి వెళ్లడమంటే దాదాపు ఆ ఏటికి ఎదురెళ్లడమే.

కోత నుంచి ఆకు దాకా

బొంగులు కాల్చే ఆవిడ దగ్గర గంటన్నర కూర్చున్నాను. ముందు బొంగు ఎంపిక. మరీ లేతదైతే గోడ పలచన, నిప్పుకి తట్టుకోదు. ముదిరితే తడి ఉండదు. ముంజేతి లావున, ఇంకా పచ్చదనం పోని బొంగు కావాలి. కత్తితో కొట్టాక కోసిన చోట వేలు పెడితే చెమ్మ తగలాలి. కణుపుకి కిందగా ఒక కోత, పై కణుపుకి దిగువన ఇంకో కోత. అంటే అడుగున కణుపే గిన్నెకి మట్టు, పైన తెరిచిన నోరు. మూరెడు పొడవుంటే చాలు.

తర్వాత మాంసం. ఎముకతో కొట్టిన చిన్న ముక్కలకి ఉప్పు, పసుపు, కారం, దంచిన అల్లం వెల్లుల్లి పట్టించి ఒక గంట పక్కన పెడుతుంది. నూనె చుక్క లేదు, నీళ్లూ లేవు. కోడి కొవ్వు, మాంసంలోని ఊట, వెదురు విడిచే తడి, ఈ మూడే దాని పులుసు. ముక్కల్ని కూరేటప్పుడు అదిమి కుక్కదు. పైన నాలుగు వేళ్ల చోటు వదిలి, అడ్డాకుని మడిచి మూతిలో దోపుతుంది. ఇక్కడే మా రెండో తప్పు బయటపడింది. కొబ్బరి పీచు బిరడాలా బిగిసి ఆవిరిని బంధించేసింది. “ఆకైతే ఊపిరి తీసుకుంటాది” అంది ఆవిడ.

ఇక నిప్పు. మంట కాదు, కణకణలాడే నిప్పులు కావాలి. మూతి పైకి ఉండేలా బొంగుల్ని ఏటవాలుగా ఆనించి, అయిదారు నిమిషాలకోసారి పావు తిప్పు తిప్పుతుంది. పచ్చటి తోలు ముందు పసుపుబారి, గోధుమరంగుకి తిరిగి, చివరికి మాడి నల్లబడింది. గడియారం వంక ఆవిడ ఒక్కసారీ చూడలేదు. ఆకు మడతల్లోంచి మొదట పచ్చి వాసన ఆవిరి వచ్చింది. తర్వాత నురగ బుస్సుమని పొంగింది. నురగ తగ్గి, అల్లం వాసన పోయి, కాల్చిన చెరుకులాంటి తీపి వాసన తగిలినప్పుడు బొంగుని నిప్పుల మీంచి లాగింది. ఫారం కోడికి ముప్పావు గంట పట్టింది. నాటుకోడికి ఇంకా ఎక్కువే పడుతుందట. ఆకులో బోర్లించి రెండు దెబ్బలు కొడితే ముక్కలు జారి, వెనకాలే చారెడు లేత పసుపు ఊట దిగింది.

నిప్పుల మీదున్న గడ్డి ఎందుకు కాలలేదు? వెదురు వృక్షశాస్త్రం లెక్కలో గడ్డి జాతిదే మరి. పచ్చి బొంగు బరువులో సగానికి అటూ ఇటూ నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరయ్యేదాకా గోడ లోపలి వేడి, నీళ్లు మరిగే స్థాయిని పెద్దగా దాటదు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అది సుమారు 97 డిగ్రీలు. అందుకే బయట తోలు బొగ్గవుతున్నా లోపల ముక్క మాడదు, ఉడుకుతుంది. రుచిలో వేపుడు ఛాయ లేకపోవడానికీ, మాంసం అంత మెత్తగా రావడానికీ కారణం ఇదే. తడి అయిపోతే బొంగు మళ్లీ కట్టె అయిపోతుంది. ఆవిడ ముక్కుతో పసిగట్టేది సరిగ్గా ఆ ఘడియనే.

అసలూ నకిలీ

కొండ మీదే ఒక చోట నాకు ఇంకో అనుభవం ఉంది. గిన్నెలో వండేసిన మసాలా కూరని కాలిన బొంగులో పోసి తెచ్చి, అంతకంతా డబ్బు పుచ్చుకున్నారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. నూనె తేలుతోందంటే బొంగులో వండింది కాదు. బొంగుని చీల్చి చూడండి. లోపలి తెల్లని పొర ముక్కల రసం పీల్చి రంగు మారి ఉండాలి. పొర శుభ్రంగా ఉంటే అది వడ్డించిన గిన్నే గానీ వండిన గిన్నె కాదు.

బొంగు పక్కన ఆకులో ఏముందో కూడా చూడాలి. సామబియ్యం అన్నం, చింతపల్లి వైపు పండే రాజ్‌మా కూర, చోడి అంబలి. వానాకాలంలో వెళ్తే వెదురు కొమ్ముల కూర దొరుకుతుంది. పచ్చి కొమ్ముల్లో విషపదార్థం ఉంటుంది కాబట్టి సన్నగా తరిగి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోశాకే వండుతారు. చలికాలమైతే కాఫీ పళ్లు కోసే కాలం. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాన్ని పండించేది ఎక్కువగా ఒకటి రెండెకరాల గిరిజన రైతులే.

అడవికి పోయేవాడు కుండ మోసుకెళ్లలేడు. ఉప్పూ కారం మూటగట్టుకుంటే చాలు, గిన్నె అక్కడే మొలిచి ఉంటుంది, తిన్నాక మంటలోనే బూడిదవుతుంది. ఈ వంట విలువ రుచిలో ఎంతుందో ఈ పొదుపులోనూ అంతే ఉంది. అయితే ఒకరిద్దరి ఆకలికి సరిపోయిన పద్ధతి వారాంతపు రద్దీకి వచ్చేసరికి బరువవుతోంది. ప్రతి బొంగూ ఒక్క వంటకే పనికొస్తుంది మరి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఫలసాయంగా లెక్కకట్టి, దాని మీద హక్కు అడవి బిడ్డలకే ఇచ్చింది. పొదని నరికేస్తే ఆ హక్కూ కాగితం మీదే మిగులుతుంది. కొత్త మొలకల్ని వదిలి, పొదకి రెండు మూడు గడలు మాత్రమే కోస్తామని ఆవిడ చెప్పింది. పర్యాటకులుగా మనం చెయ్యగలిగింది, నలుగురికి నాలుగు బొంగులు అడక్కుండా ఒకటి పంచుకుని, మిగతా ఆకలి సామన్నంతో తీర్చుకోవడం.

లేచేటప్పుడు ఒక పచ్చి బొంగు ఇమ్మని అడిగాను, భీమిలిలో మళ్లీ ప్రయత్నిద్దామని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఇంటికెళ్లి ఎప్పుడు ఒండుతావో ఏటో. ఆరిపోతే మళ్లీ కట్టే. ఇక్కడే ఇంకో నాలుగు ముక్కలు తినేసి పో బాబూ.”

తిన్నాను. వచ్చేటప్పుడు సంచీలో కాఫీ పొడి, మిరియాలు మాత్రం వేసుకున్నాను. ఆనాటి ఎండు కర్రలో మిగిలిన సగం ఇప్పుడు మా దొడ్లో బీరపాదుకి ఊతంగా నిలబడి ఉంది. దానికి చేతనైన పని అది.