ఎండని చేప

కథా, నిన్ను తలుచుకుంటే ముందుగా నాకు చెనిక్కాయల దుమ్ము వాసన వస్తుంది.

ఏరువాకకు ముందు, విత్తనానికి కాయలు వొలిచే రాత్రులవి. నడవలో మూట కుమ్మరించేవాళ్ళు. చుట్టూ ఇరుగు పొరుగు ఆడవాళ్ళు, వాళ్ళ ఒడుల్లోనూ వీపుల వెనకా పిల్లలం. కాయ చిట్లే చప్పుడు, గింజ చేటలో పడే చప్పుడు, మధ్యలో ఎవరో నొప్పెట్టిన బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరించే చప్పుడు. అవ్వ వక్క నమిలి గొంతు సవరించుకునేది. "ఊఁ కొట్టండ్రా, ఊఁ కొట్టకుంటే కథ దోవ తప్పుతుంది" అనేది. మేం ఊఁ అనేవాళ్ళం. ఆ ఊఁ మీద కాలు మోపి నువ్వు మా ఇంట్లోకి వచ్చేదానివి.

నువ్వొచ్చిన మొదటి రూపం చేప. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టిన కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. చేపతో మనిషి మాట్లాడటం వేరేచోటి పిల్లలకు వింత కావచ్చు. మాకది వింత కాదు. చెరువు ఎండే ఊళ్ళో, బావి ఎండే ఊళ్ళో, మబ్బు చూస్తుండగానే ఎండిపోయే ఊళ్ళో ఒక చేప తడి తడిగా మిగిలిపోయిందంటే, అదీ వింత! ఆ ఒక్క చేప కోసం రాత్రంతా కాయలు వొలవడానికి సిద్ధపడ్డాం.

ఎండలేదేమని అడిగితే చేప గడ్డివామిని చూపిస్తుంది. గడ్డివామి ఆవును చూపిస్తుంది. ఆవు పాలేరును, పాలేరు అన్నం పెట్టని అవ్వను, అవ్వ ఏడ్చే పిల్లవాణ్ణి, పిల్లవాడు కుట్టిన చీమను. చీమ మాత్రం ఎవరినీ చూపించదు. నా పుట్టలో వేలు పెడితే కుట్టాను, అంటుంది. అంతమంది పెద్దవాళ్ళ నెపాల వరసలో చేసిన పని ఒప్పుకున్నది అదొక్కటే. నీకు దండం కథా, నోరున్న వాళ్ళందరినీ దాటించి ఆఖరి మాట చీమకిచ్చావు.

ఇలాంటి గొలుసు కథలు లోకమంతా ఉన్నాయి. ఇంగ్లండు ముసలమ్మ పంది కంచె దాటనంటే కుక్క దాన్ని కరవదు, కర్ర కుక్కను కొట్టదు, నిప్పు కర్రను కాల్చదు, నీళ్ళు నిప్పును ఆర్పవు. యూదులు పస్కా పండగ రాత్రి పాడుకునే పాటలో మేకపిల్లను పిల్లి తింటుంది, పిల్లిని కుక్క కరుస్తుంది, కుక్కను కర్ర కొడుతుంది. ఫిన్లండులో ఆంటి ఆర్నె 1910లో మొదలుపెట్టిన జానపద కథల జాబితాను అమెరికాలో స్టిత్ థాంప్సన్ పెంచితే, 2004లో జర్మన్ పండితుడు ఉతర్ తిరగరాశాడు. అందులో గొలుసు కథలకు 2000 నుంచి 2100 దాకా నంబర్లు. మా ఇంట్లో నంబర్లు కాయల మూటలకే ఉండేవి.

పెద్దయ్యాక పంచతంత్రం మళ్ళీ చదివితే ఒకటి కంటబడింది. నీతి అంటాం, రాజనీతి అంటాం గానీ, నీ కడుపులో ఎంత కరువుంది తల్లీ!

పన్నెండేళ్ళు వాన లేదు. మడుగు ఎండుతోంది. రెండు హంసలు ఒక కర్రను చెరో కొసా ముక్కున పట్టుకుంటే, తాబేలు నడుమ కరుచుకుని ఆకాశంలోకి లేస్తుంది. నోరు తెరవకూడదన్నది ఒప్పందం. కింద ఊళ్ళో జనం చూసి కేకలేస్తారు, బదులు చెప్పబోయి తాబేలు పడిపోతుంది. బళ్ళో దీనికి ఎక్కువ మాట్లాడరాదని నీతి రాయించారు. నాకు మాత్రం ఆ తాబేలు, గిన్నెల మూట నెత్తిన పెట్టుకుని రాత్రి బండికి బెంగళూరు పోయే మా ఊరి మనిషి. మేస్త్రీ ఏమన్నా, కూలి లెక్క తప్పినా నోరు తెరవకూడదు. తెరిస్తే పట్టు జారుతుంది. వాచాలత్వమంటారే దాన్ని!

ఇంకో మడుగు గట్టున ముసలి కొంగ. పన్నెండేళ్ళ కరువు రాబోతోందని జోస్యులు చెప్పారంటూ కన్నీళ్ళు పెట్టుకుని, వేరే చెరువుకు చేరుస్తానని చేపలను ఒక్కొక్కటే మోసుకుపోయి బండ మీద తింటుంది. కరువును అమ్ముకు బతికేవాళ్ళు అప్పుడే ఉన్నారన్నమాట. ఎండ్రకాయ దాని మెడ పట్టుకునే చోటికి వచ్చేసరికి నడవలో అందరి చేతులూ ఆగిపోయేవి. మూడోచోట దాహం పట్టలేక వచ్చిన ఏనుగుల మంద చంద్రసరస్సు గట్టున కుందేళ్ళను తొక్కేస్తుంది. ఒక కుందేలు ఏనుగు రాజును నీళ్ళ దగ్గరికి తీసుకుపోయి, అందులో వణికే చందమామను చూపి, ఈ చెరువు ఆయనది, నీ మీద కోపంగా ఉన్నాడంటుంది. ఏనుగు దండం పెట్టి వెళ్ళిపోతుంది. నీళ్ళ తగాదా కోర్టుకెక్కకుండా తీరడం నాకు తెలిసి ఈ ఒక్క చోటే.

ఈ కథలతోనే ఎంత దూరం తిరిగావు! ఆరో శతాబ్దంలో పారశీక వైద్యుడు బుర్జోయ్ చచ్చినవాళ్ళను లేపే మూలిక కోసం మన దేశం వచ్చి, మూలికకు బదులు నిన్ను పట్టుకెళ్ళాడంటారు. ఎనిమిదో శతాబ్దానికి నీ నక్కలు కరటక దమనకులు అరబ్బీలో కలీలా, దిమ్నా అయ్యారు. 1678లో ఫ్రెంచి కవి లా ఫాంటేన్ తన కొత్త కథల్లో చాలావాటికి భారతీయ ముని పిల్పేకు రుణపడ్డానని ఒప్పుకున్నాడు. ఇంటి దగ్గర దూబగుంట నారాయణకవి పద్యాల్లో, 1853లో చిన్నయసూరి గద్యంలో, 1947 జూలై నుంచి చందమామ బొమ్మల్లో. చిన్నయసూరి నక్క వ్యాకరణం తప్పదు. మా అవ్వ నక్క మాత్రం "ఏమప్పా, యాడికి బోతుండావు" అనేది. చివరికి అన్ని కథలూ కంచికే పోతాయంటే చిన్నప్పుడు నాకు తోచిన కారణం ఒకటే, అక్కడ చెరువులున్నాయి కాబట్టి.

కొంగను అంత మాటని వదిలేస్తే పాపం తగులుతుంది. హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా చలికాలం చివర అక్కడికి ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయి. ఎక్కడో అడవిలో కాదు, ఊరి నడుమ, ఇళ్ళ మీదికి వాలిన చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, వానాకాలంలో వెళ్ళిపోతాయి. అన్నాళ్ళూ పెంకుల మీద రెట్ట, వాకిట్లో చేపల వాసన. ఊరివాళ్ళు పురిటికొచ్చిన ఆడబిడ్డల్ని సాకినట్టు సాకుతారు, ఎవర్నీ రాయి వెయ్యనివ్వరు. అవి రాని ఏడు మంచిది కాదని వాళ్ళ నమ్మకం. ఏ పంచతంత్రమూ చదవని చెట్లు, కొంగకు పడిన నిందను ఏటేటా కడుగుతున్నాయి.

వాన రాకపోతే మనవాళ్ళు కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. ఒక్కో గడప దగ్గరా ఆ కప్పతల్లి మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. బోరింగు దగ్గర బిందెకు బిందె కొట్టుకునే రోజుల్లో కూడా ఆ చెంబెడు నీళ్ళకు ఎవరూ లేదనరు. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో గునైకుర్నై ప్రజలకూ ఒక కప్ప ఉంది, పేరు తిద్దాలిక్. అది దాహమేసి లోకంలోని నీళ్ళన్నీ తాగి బిగదీసుకుని కూర్చుంది. జంతువులన్నీ దాన్ని నవ్వించాలని తంటాలు పడ్డాయి. చివరికి మలుగు చేప ఒళ్ళు మెలికలు తిప్పి ఆడిన ఆటకు పక్కున నవ్వింది, నోట్లోంచి ఏళ్ళూ వాగులూ ఉరికాయి. ఇక్కడివాళ్ళకూ అక్కడివాళ్ళకూ ఒకే అనుమానం ఎలా వచ్చిందో, నీళ్ళ తాళంచెవి కప్ప దగ్గరుందని! మనం తడిపాం, వాళ్ళు నవ్వించారు. వాళ్ళ పద్ధతే నయం, కప్పనడిగినా అదే చెబుతుంది.

పశ్చిమాఫ్రికాలో అకన్ ప్రజల అనాన్సి ఉన్నాడు, సాలెపురుగు. కథలన్నీ ఆకాశదేవుడి దగ్గర బందీగా ఉంటే వాటిని కొనడానికి బయలుదేరాడు. ఆయన అడిగిన వెలలో కందిరీగలు కూడా ఉన్నాయి. అనాన్సి వాటి మీద నీళ్ళు చిలకరించి, వానొచ్చింది, తలదాచుకోండంటూ సొరకాయబుర్ర చూపించాడు. అన్నీ దూరాయి, మూతి బిగించాడు. ఆ యుక్తి మా దగ్గర పారదు. వాన అన్న మాట వింటే మా కందిరీగలు బుర్రలో ఉన్నా బయటికొస్తాయి.

కాకి కుండలో రాళ్ళు వేసి నీళ్ళు పైకి తెచ్చిన ఈసపు కథ నిజమేనని 2009లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. కాకి జాతికే చెందిన రూక్ పక్షుల ముందు గొట్టంలో నీళ్ళు, నీళ్ళ మీద పురుగు, పక్కన రాళ్ళు పెడితే అవి రాళ్ళు వేసి పురుగును అందుకున్నాయి. అవ్వకు చెప్పి ఉంటే ఆశ్చర్యపడేది కాదు. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె దిగులు వేరు. "రాళ్ళకేమి, గుట్టలు గుట్టలుండాయి. కుండ అడుగునైనా రవ్వన్ని నీళ్ళుండాల గదా."

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో నువ్వు మేకతోలు కట్టుకుని తిరుగుతావు. తోలును పలచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచి, తెల్లగుడ్డ వెనక వెలుగులో నిలబెడితే అది మాయలేడి. మేక లేడి వేషం వేసింది, లేడి లోపల మారీచుడున్నాడు. ఇంకో మేక జటాయువై రెక్క తెగి పడుతుంది. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఏడ్చేవాళ్ళను నవ్విస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లవార్లూ ఆడే తోలుబొమ్మలాటలు తగ్గాయి, అవే చేతులు ఇప్పుడు కరెంటు దీపాలకు తోలు గొడుగులు చేస్తున్నాయి.

మా పడమటి పొలిమేర అవతల కన్నడ సీమలో ఎ.కె. రామానుజన్ సేకరించిన కథ ఒకటుంది. ఒక ఇల్లాలికి ఒక కథ, ఒక పాట తెలుసు. ఎవరికీ చెప్పదు, పాడదు. లోపల ఊపిరాడక అవి ఆమె నిద్రపోతుండగా నోట్లోంచి బయటపడ్డాయి. కథ చెప్పుల జతై గుమ్మం ముందు కూర్చుంది, పాట మగవాడి కోటై కొక్కేనికి వేలాడింది. మొగుడికి అనుమానం, ఇంట్లో గొడవ. అలిగి వానరదేవుడి గుళ్ళో పడుకున్నాడు. ఊళ్ళో ఆర్పేసిన దీపాల జ్వాలలన్నీ రాత్రికి ఆ గుడికే చేరి ముచ్చట్లాడుకుంటుంటే అసలు సంగతి విన్నాడు. కన్నడంలో లేని మెలిక తెలుగులోకి రాగానే దానంతటదే పుట్టింది, చెప్పని కథ చెప్పులయింది. నిమ్మలకుంట దీపాలను చూసినప్పుడల్లా, ఆడకుండా మిగిలిన ఆటేదో కొక్కేనికి వేలాడుతోందనిపిస్తుంది.

లేపాక్షిలో, రావణుడి కత్తికి నేలకూలిన పక్షిని రాముడు లెమ్మన్నాడని, అందుకే ఆ పేరని చెప్పుకుంటారు. ఊరి పేరే గాయపడ్డ పిట్టతో ఆడిన మాట. దగ్గర్లోనే ఒంటిరాతి నంది, 27 అడుగుల పొడవు. కరువేళ్ళలో కొట్టాలు ఖాళీ చేసి ఎద్దుల్ని సంతకు తోలుకుపోతుంటే ఆయన ఒక్కడే కదలకుండా ఉండిపోయాడు. లేపాక్షి, నిమ్మలకుంట, వీరాపురం 2022 ఏప్రిల్లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినాయి. మా నోటికి ఇంకా అనంతపురమే.

ఇక్కడ ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మబ్బు తన కడవను పడమటి కనుమల మీదే ఒలకబోసుకుని వస్తుంది. ఈశాన్యపు మబ్బు బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్న మాటలు. అవ్వ చదవలేదు.

ఏడు చేపల కథ అయిపోయిన ఒక రాత్రి మాలో చిన్నవాడొకడు ఊరుకోలేదు. చీమ దగ్గర ఆపితే వాడికి చాలలేదు. చేతిలోని కాయ చిదిపాడు, లోపల గింజ ముడుచుకుపోయి ఉంది. ఎందుకు ముడుచుకున్నావని దాన్నే అడిగాడు. ఊడలు దిగేటప్పుడు వాన రాలేదంది అవ్వ, కాయ గొంతు పెట్టి. వానను అడిగాడు. మబ్బు తోడు రాలేదంది. మబ్బును అడిగాడు. కొండ అడ్డమొచ్చిందంది.

"మరి కొండ ఎందుకు అడ్డమొచ్చింది?"

నడవలో కాయల చప్పుడు ఆగింది. అవ్వ ఒడి దులుపుకుని, మిగిలిన అరమూట మూతి చుట్టి గోడకు జరిపింది.

"రేప్పొద్దు గూకినాక కొండనే పిలుచ్చాము. ఊఁ కొట్టేవోళ్ళు పెందలాడే రాండి."