నాడులు టెలిఫోన్ తీగలేనా?

నాడీవ్యవస్థను వివరించేటప్పుడు తరచుగా వాడే పోలిక ఒకటుంది. మెదడు టెలిఫోన్ ఎక్స్ఛేంజి, వెన్నుపాము ప్రధాన కేబుల్, నాడులు ఒళ్లంతా పరచిన తీగలు. 19వ శతాబ్దంలో టెలిగ్రాఫ్ వచ్చిన రోజుల్లో పుట్టిన పోలిక ఇది. ఎంతవరకు నిలుస్తుందో పరీక్షిద్దాం.

ఇందులో మేలు లేకపోలేదు. జ్ఞాననాడులు వార్తను లోపలికి తెస్తాయనీ, చాలకనాడులు ఆజ్ఞను కండరాలకు చేరుస్తాయనీ దీనివల్ల ఇట్టే బోధపడుతుంది. వేగం విషయంలో మాత్రం పోలిక సరిపోదు. తీగలో సంకేతం కాంతివేగంతో పోల్చదగినంత వడిగా పోతుంది. నాడీ ప్రచోదనం ఎంత వేగంగా పోయినా సెకనుకు దాదాపు 120 మీటర్లే.

అసలు లోపం నాడి కొసలో ఉంది. తీగ తన యంత్రానికి అతికి ఉంటుంది. నాడి కొసకూ కండరానికీ మధ్య మిల్లీమీటరులో సుమారు 20,000వ వంతు ఖాళీ ఉంటుంది. విద్యుత్ ప్రచోదనం అక్కడ ఆగిపోతుంది. అప్పుడు నాడి కొసలోని సూక్ష్మమైన తిత్తుల నుంచి ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం వెలువడి, ఖాళీని దాటి, కండరం మీది గ్రాహకాలకు తగులుతుంది. అప్పుడే కండరం ముడుచుకుంటుంది. నాడులు రసాయనాల ద్వారా పనిచేస్తాయని ఒటో లోవి 1921లో కప్ప గుండెలపై ప్రయోగంతో చూపాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

ఇంత చిన్న ఖాళీని చెప్పకపోతే ఏమవుతుందంటారా? విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలుమార్గంలో, బస్తర్ అడవుల నడుమ గీదం ఉంది. అటువంటి చోట వానాకాలపు రాత్రి నేలమీద నిద్రించే మనిషిని కట్లపాము కరిచిందనుకోండి. కాటు దగ్గర నొప్పి, వాపు అంతగా ఉండవు. విషం ఎక్కలేదని తెల్లవారేదాకా ఆగితే ప్రమాదమే. కొన్ని గంటల్లో కడుపునొప్పి రావచ్చు, కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి పీల్చే కండరాలు చచ్చుబడతాయి.

చూసినవాళ్లు "విషం తలకెక్కింది" అంటారు. తీగల బొమ్మే మనసులో ఉన్న విద్యార్థి కూడా ఎక్స్ఛేంజి చెడిందనే అనుకుంటాడు. నిజానికి విషం పనిచేసిన చోటు ఆ ఖాళీయే. కట్లపాముల విషంలోని బీటా బంగారోటాక్సిన్ నాడి కొసలను పాడుచేస్తుంది, ఆల్ఫా బంగారోటాక్సిన్ కండరం మీది గ్రాహకాలను మూసివేస్తుంది. ఊపిరి అందుతున్నంతకాలం మెదడు మెలకువగానే ఉండవచ్చు. రోగి మన మాటలు వింటూనే రెప్ప ఎత్తలేకపోవచ్చు. అతడు చనిపోయాడని తీర్మానించడం ఎంత ఘోరం! విషవిరుగుడు మందు వెంటనే ఇవ్వాలి. పాడైన నాడి కొసలను ఆ మందు బాగుచేయలేదు. అవి తిరిగి పెరిగేదాకా, రోజుల తరబడి అయినా సరే, కృత్రిమ శ్వాస అందిస్తే మనిషి బతికి బయటపడవచ్చు.

బంగారోటాక్సిన్ అన్న పేరు మన తెలుగుమాట నుంచే వచ్చింది. పసుపు, నలుపు పట్టీల పామును తెలుగువారు బంగారు పాము అనేవారని పాట్రిక్ రస్సెల్ 1796 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. దాన్నిబట్టే ఆ ప్రజాతి బంగారస్ అయింది.

పోలికను పారేయనక్కర్లేదు, దాని హద్దు చెబితే చాలు. ఈసారి నాడీవ్యవస్థ పటం గీసేటప్పుడు నాడి కొసను కండరానికి ఆనించకండి. కొంచెం ఎడం వదిలి, అక్కడ ఎసిటైల్ కోలిన్ అని రాయండి.