కుళాయి దగ్గర ఉమ్మడి, పొయ్యి దగ్గర వేరు

మన సినిమాల్లో పెద్దవాళ్ల ఇల్లు అనగానే నాకు రెండిళ్లు గుర్తొస్తాయి. ఒకటి ‘మిథునం’ (2012)లోది, రెండోది ‘శతమానం భవతి’ (2017)లోది. శ్రీరమణ కథని తనికెళ్ల భరణి తీసినప్పుడు తెరమీద ఉంచింది ఇద్దర్నే: ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. పెరడు నిండా చెట్లు, వంటింటి నిండా రుచులు, పిల్లలు మాత్రం ఎక్కడో దూరాన. రెండో సినిమాలో పిల్లలు వస్తారు గానీ, వాళ్లని రప్పించడానికి తండ్రి విడాకుల మాట ఎత్తాల్సి వస్తుంది. సంక్రాంతికి వస్తారు, పండగయ్యాక ఎవరి దేశానికి వాళ్లు వెళ్తారు. రెండిట్లోనూ ఇల్లు వంక పెట్టడానికి లేనట్టు ఉంటుంది. లోటంతా మనుషుల్లోనే. రానివాళ్లది తప్పు, వచ్చినవాళ్లది మంచితనం.

ఇంటిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. మూడు తరాలు పండక్కి కాకుండా రోజూ బతకడానికి అది పనికొస్తుందా? పాతికేళ్ల అమ్మాయి అక్కడ తన గది తలుపేసుకుని, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా రెండు గంటలు ఉండగలదా? డెబ్బై అయిదేళ్ల ఆయన ఎవరి సాయమూ లేకుండా రాత్రి బాత్రూముకి వెళ్లగలడా? ఈ ప్రశ్నలు ఇప్పుడే అడగాలి. ఎందుకంటే అవే ఇళ్ల నీడల్ని చూపించి మనకి ఫ్లాట్లు అమ్ముతున్నారు. కంప్యూటర్‌లో గీసిన మధ్యాంగణం, అందులో తాతయ్య, ఆయన వేలు పట్టుకున్న మనవరాలు. బొమ్మ బాగుంటుంది. ఆ మనవరాలు ఏ పనిమీద అక్కడికొచ్చిందో మాత్రం బొమ్మలో ఉండదు.

మండువా లోగిలిని కాస్త దగ్గరగా చూద్దాం. నాలుగు పక్కలా వసారాలు, లోపలికి వాలిన పెంకులు, మధ్యలో ఆకాశం. గదులు చీకటి. గాలీ వెలుతురూ ఉన్నది మండువాలోనే. అందుకే బియ్యం ఏరడం, పిల్లలకి తల దువ్వడం, ముసలాయన పేపరు చదవడం అన్నీ అక్కడే జరిగేవి. తరాలు కలిసింది ప్రేమ పొంగడం వల్ల కాదు, ఇంకెక్కడికీ పోలేక. ఆ ఇంటి రహస్యం అంతే, అది చిన్నది కాదు: మనుషులు కలవాలంటే కలవక తప్పని పని ఒకటి ఉండాలి.

దానికి కట్టిన ధర కూడా చెప్పుకోవాలి. ఆ ఇంట్లో కోడలికి తలుపు లేదు. ఆమె ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడుకుందో, ఎంత తిన్నదో ఇంటిల్లిపాదికీ తెలుసు. వీధి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడే మాట్లాడాలో కులం ముందే తేల్చేసింది. కాబట్టి ‘మళ్లీ మండువా కడదాం’ అనేవాళ్లని ఒకటే అడగాలి. ఆ మండువాలో మీరు ఎవరై పుట్టాలనుకుంటున్నారు?

ఇప్పుడు ఆర్కిటెక్చర్ ప్రపంచం బాగా మెచ్చుకున్న ఒక కొత్త భవనం దగ్గరికి వెళ్దాం. సింగపూర్‌లోని కాంపుంగ్ అడ్మిరాల్టీ. కాంపుంగ్ అంటే మలయ్‌లో పల్లె. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కోసం వోహా అనే ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్ చేసింది. 2018లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్ దాన్ని ఆ ఏటి మేటి భవనంగా ఎంచింది. హెక్టారుకి కాస్త తక్కువ స్థలం, 45 మీటర్లు దాటకూడదన్న ఎత్తు పరిమితి. ఒక్కో అవసరానికి ఒక్కో భవనం కట్టే బదులు అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చారు. కింద నలుగురూ మసిలే ప్లాజా, పైన ఫుడ్ కోర్టు, ఆ పైన వైద్యకేంద్రం, ఆ పైన మెట్లుమెట్లుగా పార్కు, కూరగాయల మడులు. పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం, పెద్దవాళ్లు పగటిపూట గడిపే కేంద్రం పక్కపక్కనే. వీటితోపాటు 104 చిన్న ఫ్లాట్లు. మెట్రో స్టేషన్ పక్కనే.

ఈ భవనంలో నాకు నచ్చింది పచ్చదనం కాదు, ఫొటోల్లో అది ఎంత కనబడినా. మనుషులు అక్కడికి ‘కలవడానికి’ రారు. అన్నం తినడానికి, బీపీ చూపించుకోవడానికి, పిల్లాణ్ణి దింపడానికి, రైలెక్కడానికి వస్తారు. మండువా చేసిన పనే ఇదీ చేస్తోంది, మండువా వేసిన సంకెళ్లు లేకుండా. ఇంకో చిన్న ఏర్పాటు: పక్కపక్క ఫ్లాట్ల గుమ్మాల దగ్గర ‘బడ్డీ బెంచీలు’ పెట్టారు. గుమ్మం దాటితే చాలు, కూర్చోవడానికి చోటు, పక్కింటి మనిషి. మన అరుగుకి ఇది దూరపు చుట్టం.

కానీ ఆ ఫ్లాట్లు 55 దాటినవాళ్లకి కట్టినవి. పగలంతా తరాలు కలిసి తిరిగే ఆ పల్లె, రాత్రయ్యేసరికి వయసులవారీగా విడిపోతుంది. పిల్లల కేంద్రం మూసేస్తారు, పేషెంట్లు వెళ్లిపోతారు, పైన మిగిలేది పెద్దవాళ్లే. రాత్రి రెండింటికి కాలు జారినప్పుడు పక్క తలుపు తీసేది ఇంకో డెబ్బై ఏళ్ల మనిషి. బహుమతి ఇచ్చింది పగటి భవనానికి. రాత్రి భవనం సంగతి ఇంకా తేలలేదు.

రాత్రి సంగతి పట్టించుకున్న ఊళ్లు రెండున్నాయి. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో హ్యుమానిటాస్ అనే వృద్ధాశ్రమం 2012 ప్రాంతంలో విద్యార్థులకి గదులివ్వడం మొదలుపెట్టింది. అద్దె లేదు. బదులుగా నెలకి 30 గంటలు మంచి పొరుగువాళ్లలా ఉండాలి. అంటే నర్సు పని చేయడం కాదు. కలిసి తినడం, కంప్యూటర్ నేర్పడం, ఒంట్లో బాగోలేని మనిషి పక్కన కాసేపు కూర్చోవడం. స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌లో 2019లో తెరిచిన సెల్బో ఇంకో అడుగు ముందుకేసింది. పాత వృద్ధాశ్రమ భవనాన్ని మార్చి 51 ఫ్లాట్లు చేశారు. సగానికి పైగా డెబ్బై దాటినవాళ్లకి, మిగతావి 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి. ఆ కుర్రవాళ్లలో శరణార్థులుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరి ఫ్లాటు వాళ్లది, ఎవరి వంటిల్లు వాళ్లది. వారానికి కనీసం రెండు గంటలు ఇరుగుపొరుగుతో గడుపుతామని అందరూ సంతకం చేస్తారు.

సంతకం అనగానే మనకి చిరాకేస్తుంది. ఆప్యాయతకి అగ్రిమెంటేమిటి అని. నాకైతే ఆ కాగితమే ఈ రెండు చోట్లా ఉన్న గొప్ప డిజైన్ అనిపిస్తుంది. ఉమ్మడి ఇంట్లోనూ ఒప్పందం ఉండేది. అది రాసి ఉండేది కాదు, అంతే. గంటల లెక్క లేదు, వద్దనే వీలు లేదు, సంతకం పెట్టింది మాత్రం ఎప్పుడూ కోడలే. వారానికి రెండు గంటలని రాసుకోవడంలో ఇంకో మాట కూడా ఉంది: మిగతా గంటలు నావి. ఆ ధైర్యం ఉన్న మనిషి రెండు గంటలకి వచ్చి మూడు గంటలు కూర్చుంటుంది. ఆ ధైర్యం లేని మనిషి అసలు రాకుండా ఉండే దారులు వెతుక్కుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం కూడా తలుపేసుకోవడమే.

అయితే ఈ నమూనాల పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. డెవెంటర్‌లో దాదాపు 160 మంది పెద్దవాళ్ల మధ్య విద్యార్థులు ఆరుగురు. ఆ ఆరుగురి గురించి పేపర్లు రాసినంతగా తక్కినవాళ్ల రోజులు గురించి రాయలేదు. మంచి కథ అయిపోవడం కూడా ఒక్కోసారి భవనానికి ఇబ్బందే.

ఇక రక్తసంబంధీకుల సంగతి. అక్కడ కూడా ‘ఒకే కప్పు కింద’ అన్న మాటని వదులుకున్న దేశాలే తెలివిగా ఆలోచించాయి. జపాన్‌లో 1970ల నుంచీ రెండు కుటుంబాల ఇళ్లు కట్టి అమ్ముతున్నారు. కింద తల్లిదండ్రులు, పైన పిల్లలు. చాలావాటిలో వంటిళ్లు రెండు, గుమ్మాలు కూడా రెండు. పట్టుకెళ్లిన సూప్ చల్లారనంత దూరంలో ఉంటే చాలని వాళ్లకో నానుడి. సింగపూర్ కూడా మూడు తరాలకి సరిపోయే నాలుగు పడగ్గదుల ఫ్లాట్లు కట్టింది. వాటితోపాటు, 2015 నుంచి తల్లిదండ్రులకి దగ్గర్లో పాత ఫ్లాటు కొనుక్కునేవాళ్లకి డబ్బు సాయమూ ఇస్తోంది. కలిసి ఉండటానికీ దగ్గర్లో ఉండటానికీ తేడా ఉందని, రెండోదానికి కూడా విలువ కట్టాలని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం అది.

మనకి ఇలాంటిది లేదా? ఉంది, కాకపోతే దానిమీద ఎవరూ సినిమా తీసి మురిసిపోలేదు. వాటాల ఇల్లు. హైదరాబాద్‌లో పోర్షన్ అంటారు. నల్లకుంటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో పెరిగినవాళ్లకి తెలిసే ఉంటుంది. ముందు వాటాలో ఇంటివాళ్లు, వెనక రెండు మూడు వాటాల్లో అద్దెకున్నవాళ్లు. కొత్తగా పెళ్లయిన జంట, కాలేజీ లెక్చరరు, రిటైరైన గుమాస్తా. కుళాయి ఒక్కటే, దండెం ఒక్కటే, డాబా ఒక్కటే. పొయ్యి మాత్రం ఎవరిది వాళ్లది, తలుపూ ఎవరిది వాళ్లది. పొద్దున నీళ్లొచ్చే గంటలో అన్ని వయసులవాళ్లూ కుళాయి దగ్గర కలవాల్సిందే. ఇంట్లో చంటిపిల్ల ఏడిస్తే వెనక వాటా పిన్నిగారు వచ్చేది. ఆమెకి జ్వరమొస్తే ఈ ఇంటి నుంచి చారన్నం వెళ్లేది. స్వీడన్‌వాళ్లు కాగితం మీద రాసుకున్నది ఇక్కడ కుళాయి రాసింది.

దాన్ని కూడా దేవుడి పటం చెయ్యక్కర్లేదు. ఇంటివాళ్ల పెత్తనం, కరెంటు మీటరు తగాదాలు, ‘మీరేమిట్లు’ అని మొదటిరోజే కులం అడగడం, కోడిగుడ్డు వాసనొస్తే ఖాళీ చేయించడం అన్నీ అందులో ఉన్నాయి. కానీ తరాలని కలిపే ఇల్లు చుట్టాలతోనే నిండక్కర్లేదని మనకి చూపించింది అదే. ఆ ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టుకున్నప్పుడు మనం పోగొట్టుకున్నది మండువా కాదు. కుళాయి.

ఇప్పటి అపార్ట్‌మెంట్‌లో ఆ కుళాయి ఎక్కడుంది? బిల్డింగ్ రూల్స్‌లో ఉమ్మడి ఖాళీ జాగా గురించి మాట్లాడేచోట ‘టాట్‌లాట్’ అనే మాట ఉంటుంది. అంటే పసిపిల్లల జాగా. పెద్దవాళ్ల కోసం అలాంటి మాట జనం నోట వినబడదు. వాళ్లకి దొరికేది కాంపౌండ్ గోడకేసి చూసే ఒక సిమెంటు బెంచీ. పిల్లల జారుడుబల్ల ఒక మూల, ఆ బెంచీ ఇంకో మూల, మధ్యలో కార్లు. అదే బెంచీని స్కూలు బస్సు ఆగే గేటు దగ్గరకి మార్చితే ఖర్చేమీ కాదు. కింద అంతస్తులో పెద్దవాళ్లు వాడుకునే టాయ్‌లెట్ ఒకటి కడితే, గంటకోసారి పైకి పరిగెత్తాల్సిన ఆయన సాయంత్రమంతా కింద ఉండగలడు. క్లబ్‌హౌస్‌లో ఎవరూ ఆడని స్నూకర్ బల్ల బదులు ఒక వంటగది పెడితే, ఆవకాయ రోజుల్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. తరాలని కలిపే డిజైన్ అంటే పెద్ద సిద్ధాంతం కాదు. ఎవరికి ఎక్కడ ఏం పని ఉందో చూసి, ఆ పనులని ఒకదాని పక్కన ఒకటి పెట్టడం.

అన్నిటికన్నా పెద్ద డిజైన్ లోపం మాత్రం గోడల్లో లేదు, టు-లెట్ బోర్డులో ఉంది. ‘ఫ్యామిలీస్ ఓన్లీ.’ మూడు పడగ్గదుల ఫ్లాటులో ఇద్దరు పెద్దవాళ్లు, అమెరికాలో ఉన్న పిల్లల గదులు రెండు తాళాలేసి. అదే వీధి చివర పీజీ హాస్టల్లో ఒక్కో గదికి నలుగురు కుర్రవాళ్లు, పెట్టెలు మంచాల కింద. ఇటువాళ్లకి రాత్రి తోడు లేదు, అటువాళ్లకి పడుకోవడానికి సరైన చోటు లేదు. మధ్యలో అడ్డున్నది కులం, మాంసం, మగపిల్లల మీద అనుమానం, ఆడపిల్లలు ఎప్పుడొస్తారో చూసే కళ్లు. ఇవేవీ ఆర్కిటెక్టు గీసిన గీతలు కావు. కానీ గీత కొంత సాయం చేయగలదు. ఆ తాళమేసిన గదుల్లో ఒకదానికి బయటి నుంచి వేరే తలుపు, చిన్న పొయ్యి పెట్టుకునే చోటు ఉంటే, అది మళ్లీ ఒక వాటా అవుతుంది. ‘మా ఇంట్లో ఎవరో’ అన్న భయం ‘పక్క వాటాలో ఎవరో’ దగ్గరకి దిగుతుంది. దిగిన ఆ మెట్టు మీద మాట మొదలవుతుంది.

కొత్తగా కట్టే ఇళ్ల బ్రోచర్లలో ఈసారి మధ్యాంగణం బొమ్మ కనబడితే, ఫ్లోర్ ప్లాన్ కూడా తిప్పి చూడండి. ఆ మూడో పడగ్గదికి బయటి తలుపు ఉందా అని.