నేల వదలిన బ్యాంకు

ఒక పెద్ద వ్యాపార సంస్థ తన ప్రధాన కార్యాలయమును కట్టించునప్పుడు వాస్తుశిల్పికి ఎదురగు చిక్కులలో పెద్దది నేల అంతస్తు. పైన ఎన్ని అంతస్తులున్నను దారిన పోవువాడు వాటి నెరుగడు. ఎదుట గోడ వున్నదా, కాపలావాడున్నాడా, కాస్త నీడ వున్నదా అన్నదే అతనికి కావలసినది. తమ భవనము నగరమునకు తెరచుకొని వున్నదని చాల సంస్థలు చెప్పుకొనుచుండును. ఆ మాటలో నిజమెంతో పరీక్షించుటకు హాంగ్‌కాంగ్ అండ్ షాంఘై బ్యాంకు వారి హాంగ్‌కాంగ్ భవనము మంచి ఉదాహరణము.

1865లో వెలసిన ఈ బ్యాంకు, 1935 నాటి తన భవనమును 1981లో పడగొట్టించి అదే స్థలములో కొత్తది కట్టించినది. రూపకర్త ఇంగ్లండు వాస్తుశిల్పి నార్మన్ ఫాస్టర్. నిర్మాణపు లెక్కలు కట్టినవారు ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు. 1985లో పని ముగిసినది. 1986లో ప్రారంభోత్సవము జరిగినది. ఎత్తు సుమారు 179 మీటర్లు.

సామాన్యముగా ఎత్తైన భవనములో ప్రతి అంతస్తు బరువును స్తంభములు మోసి క్రిందికి దించును. క్రిందికి వచ్చిన కొలది బరువు పెరుగును, స్తంభములును లావగును. లిఫ్టులు, మెట్లు, నీటి గొట్టములు కలిసి భవనము నడుమ ఒక బలమైన గొట్టమువలె నేలలో దిగి వుండును. అందుచే ఊరి జనమునకు వదలవలసిన నేల అంతస్తే అన్నిటికన్న ఇరుకైనదగును. ఫాస్టరు దీనిని తలక్రిందులు చేసినాడు. నాలుగేసి ఉక్కు గొట్టములను జతచేసి ఎనిమిది మహాస్తంభములు నిలిపినారు. వాటి నడుమ, వేరువేరు ఎత్తులలో, ఐదు వరుసలుగా రెండంతస్తుల ఎత్తుగల ఉక్కు దూలపు చట్రములు బిగించినారు. ఒక్కొక్క చట్రమునుండి దాని క్రింది కొన్ని అంతస్తులు వ్రేలాడుచున్నవి. మన ఇండ్లలో దూలమునకు ఉట్టి కట్టి కుండలు వ్రేలాడదీయుట లేదా? ఇదియు అట్టిదే. కుండ బరువు ముందుగా పైకి, దూలమునకు పోవును; పిమ్మట గోడల గుండా నేలకు దిగును. ఉట్టి క్రింద నేల ఖాళీ.

ఇందులో మరియొక లాభము కలదు. సన్నని బెత్తమును రెండు కొనలనుండి అదిమినచో అది వెంటనే వంగిపోవును. అదే బెత్తమును రెండు కొనలు పట్టి లాగినచో వంగదు. వ్రేలాడదీయు కడ్డీలపై పడునది లాగుడు బలమే గనుక అవి సన్నముగా వుండవచ్చును. లిఫ్టులను, మెట్లను తూర్పు పడమటి అంచులకు నెట్టివేసినారు. ఇంత చేసిన పిమ్మట భవనము క్రింద, ఈ వీధినుండి ఆ వీధికి, గోడలేని విశాలమైన నేల మిగిలినది.

అయితే 179 మీటర్ల భవనము క్రింది నేల చీకటి గుహవలె వుండదా? అందుకై భవనము నడుమ పది అంతస్తుల ఎత్తున మండువా వంటి ఖాళీని వదలినారు. మండువాకు పైన ఆకాశము వుండును. దీనికి పైన మరల అంతస్తులే. కాబట్టి దక్షిణపు గోడ వెలుపల అద్దముల వరుస నొకటి అమర్చి, ఎండను అడ్డముగా లోపలికి మరలించి, లోకప్పుననున్న మరికొన్ని అద్దములచే దానిని క్రిందికి దింపునట్లు ఏర్పాటు చేసినారు. పతన కోణము, పరావర్తన కోణము సమానములన్న పాఠమునకు ఇంతకన్న పెద్ద ప్రయోగశాల అరుదు. మండువా అడుగున గాజు పరచి వుండుటచే ఆ వెలుగు నేలదాక చేరవలెనని ఆశ. మబ్బు కమ్మిన దినమున మాత్రము అద్దమునకు పంపుటకు ఎండ వుండదు. ఆ గాజును చీల్చుకొని రెండు కదిలే మెట్ల వరుసలు ఏటవాలుగా పైకి పోవుచున్నవి. బ్యాంకు పనివున్నవాడు వాటినెక్కును. పనిలేనివాడు బ్యాంకు పొట్టను క్రిందినుండి చూచుచు సాగిపోవును.

ఇంతవరకు శిల్పికి, ఇంజనీర్లకు మెప్పు దక్కవలసినదే. కాని ఆ నేల కేవలము దానము కాదు. దానిని ప్రజల నడకకు విడిచినందుకు బదులుగా, నియమములు మామూలుగా అనుమతించు దానికన్న ఎక్కువ విస్తీర్ణము కట్టుకొను హక్కు బ్యాంకునకు లభించినది. ఇచ్చినది కొంత, పుచ్చుకొన్నది కొంత. దీనిలో తప్పు లేదు గాని, భవనమును పొగడువారు ఈ లెక్కను మరచుట మాత్రము తప్పు.

ఆ నేలను నిజముగా వాడుకొన్నవారు ఎవ్వరు? ఆదివారమునాడు అక్కడ అట్టముక్కలు పరచుకొని కూర్చుండువారు, హాంగ్‌కాంగ్ ఇండ్లలో పనిచేయు ఫిలిప్పీన్స్ స్త్రీలు. చట్టప్రకారము వారికి వారమున కొకనాడు సెలవు వుండవలెను. 2003నుండి వారు యజమాని ఇంటనే నివసింపవలెనన్న నిబంధన కలదు. తమకంటూ గది లేనివారు సెలవునాడు ఎక్కడికి పోగలరు? ఎండవానలకు తడవని ఆ నేలపై భోజనములు చేసి, కబుర్లు చెప్పుకొని, ఇంటికి పంపవలసిన సామానును పెట్టెలలో సర్దుకొందురు. వాస్తుశిల్పి కార్యాలయపు వర్ణనలలో ఇది ఉల్లాసమైన వనభోజన స్థలముగా కనబడును. కొంతవరకు నిజమే. ఆ ఉల్లాసము వెనుకనున్న ఇరుకు గదుల సంగతి ఆ వర్ణనలలో కనబడదు.

రెండవ పరీక్ష 2011 అక్టోబరు 15న వచ్చినది. ధనిక సంస్థల పెత్తనమును నిరసించుచు కొందరు యువకులు అక్కడ గుడారములు వేసినారు. సోఫాలు కూడ తెచ్చుకొన్నారు. బ్యాంకు చాలకాలము ఓర్చి, చివరకు న్యాయస్థానమునకు పోయినది. 2012 ఆగస్టులో తీర్పు బ్యాంకునకు అనుకూలముగా వచ్చినది. సెప్టెంబరు 11న అధికారులు మిగిలినవారిని లేవదీసినారు. ప్రజలకు విడిచినది దాటిపోవు హక్కే గాని నివసించు హక్కు కాదని బ్యాంకు పక్షము.

చట్టమునకు ఈ రేఖ స్పష్టము. కాని స్తంభములు, ఉక్కు చట్రములు అట్టి రేఖను గీయలేదు. ఆదివారపు స్త్రీలు కూడ దాటిపోవువారు కారు. గంటల తరబడి కూర్చుండువారే. వారిని సాగనిచ్చుట, గుడారములను తీసివేయుట రెండును యజమాని ఇష్టముపై ఆధారపడినవి. ఫాస్టరు నిర్మాణము నడచువానికి చేసిన మేలు నిస్సందేహముగా గొప్పది. పెద్ద సంస్థల భవనములలో అట్టిది తక్కువ. అయితే కూర్చుండువానిని గూర్చి అందులో ఆలోచన కనబడదు. అద్దములను, కదిలే మెట్లను అంత శ్రద్ధగా అమర్చిన చోట, ఆదివారపు స్త్రీలు తమ ఆసనములను తామే తెచ్చుకొని, చీకటి పడగానే మడిచి పట్టుకొని పోవుచున్నారు.