కుట్లు విప్పాక ఏం పెడుతున్నారు?

కుట్లు విప్పే రోజు దాదాపు అందరూ నన్ను అడిగేది ఒకటే: "ఇక మానిపోయినట్టేనా సిస్టర్?" పైకి చూస్తే అలాగే ఉంటుంది. అంచులు కలిసిపోయి ఉంటాయి, చీము ఉండదు. లోపల మాత్రం పని జోరుగా సాగుతూనే ఉంటుంది.

గాయమైన కొద్ది రోజులకే ఫైబ్రోబ్లాస్టులనే కణాలు అక్కడికి చేరి కొలాజెన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. ముందు వచ్చేది సన్నని మూడో రకం. తర్వాత నెలల తరబడి దాన్ని కరిగిస్తూ ఆ చోట గట్టిదైన ఒకటో రకం పేరుకుంటుంది. అందుకే 3 వారాల గాయానికి మామూలు చర్మం బలంలో మూడోవంతు కూడా ఉండదు. 3 నెలలకు సుమారు 80 శాతం వస్తుంది. పూర్తి బలం ఎన్నటికీ రాదు.

ఈ కొలాజెన్ నిర్మాణాన్ని 1954–55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా వివరించారు. మూడు ప్రొటీన్ గొలుసులు మూడు పాయల జడలా పెనవేసుకుని ఉంటాయి. గొలుసులు తయారవ్వాలంటే తిండిలో మాంసకృత్తులు ఉండాలి. ఆ అల్లిక వదులవకుండా నిలవాలంటే విటమిన్ సి కావాలి.

మన ఇళ్లలో పథ్యం పేరుతో మాన్పించేవి సరిగ్గా ఈ రెండే. పప్పు తింటే చీము పడుతుందంటారు. గుడ్డు వద్దంటారు, పులుపు ముట్టనివ్వరు. మనిషి మీద ప్రేమతోనే ఇదంతా చేస్తారని నాకు తెలుసు. కానీ చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పుకు ఆ పాపం అంటగట్టకూడదు.

జాన్ క్రాండన్ అనే అమెరికన్ సర్జన్ 1939లో తన ఒంటి మీదే ఒక ప్రయోగం చేసుకున్నాడు. విటమిన్ సి లేని తిండి మాత్రమే తింటూ, 3 నెలలకు వీపు మీద గాటు పెట్టించుకుంటే అది మామూలుగానే మానింది. 6 నెలలకు పెట్టించుకున్న గాటు పైన చర్మం మూసుకుంది గానీ, లోపల కండ అతుక్కోలేదు. విటమిన్ సి ఎక్కించాక, 10 రోజులకు చూస్తే మానుతోంది.

అందుకే పెద్ద పుండుకు కట్టు విప్పగానే నేను ముందు కండ రంగు చూస్తాను. ఎర్రగా, తడిగా, గింజలు గింజలుగా కనిపిస్తే నాకెంతో సంతోషం. పాలిపోయి కనిపిస్తే రక్తం తక్కువగా ఉందేమోనని పరీక్షకు పంపించి, వెంట వచ్చినవాళ్లను అడుగుతాను: "ఏం పెడుతున్నారు పెద్దమ్మా?" చాలాసార్లు వచ్చే జవాబు చారన్నం.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరునే అడగాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు చక్కెర అదుపులో ఉంచుకోవాలి. మిగతావాళ్లకు, డాక్టరు మామూలు తిండి తినమన్న రోజు నుంచే పప్పు, గుడ్డు పెట్టండి. అన్నంలో నిమ్మకాయ పిండండి, ఓ జామకాయ కోసివ్వండి. కుట్లు విప్పాక కూడా నెలల పాటు ఆపకండి. మేం కట్టే కట్టు గాయాన్ని కాపాడుతుంది. కొత్త కండకు కావలసిన సరుకు మీ వంటింట్లోంచే రావాలి.