‘స్పష్టం’ అంటే చాలునా? పేటెంటు అప్పీలు పరిభాషపై విమర్శ

కరిగిన గాజు ధారను అదుపుచేసే పరికరమైనా, లోహపాత్రను లేతుపై పట్టి ఉంచే పరికరమైనా పేటెంటు అప్పీలులో తేలవలసిన అంశం ఒకటే. ఆ మార్పు ఆ పనిలో ఆరితేరినవారికి ముందే తట్టేదా, కాదా? ఆంగ్ల న్యాయపరిభాషలోని ‘ఆబ్వియస్’ అనే పదాన్ని తెలుగులో ‘స్పష్టం’ అంటే ఈ ప్రశ్న దారితప్పుతుంది. ముంజేతి కంకణానికి అద్దమక్కరలేదు. కాని అది కళ్లెదుట ఉన్న వస్తువు సంగతి. పేటెంటు విచారణ ఆ వస్తువు ఇంకా పుట్టని నాటిది. చూసిన తరువాత ఏ పరికరమైనా తేలికగానే తోస్తుంది.

విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ వివాదంలో 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి నిదర్శనం. పాత్రలను లేతుపై పట్టి ఉంచే సాధనానికి 1951లో లభించిన పేటెంటును న్యాయస్థానం చెల్లదన్నది. అది తన కంటికి తేలికగా తోచిందని కాదు. అప్పటికే కర్మాగారాల్లో వాడుకలో ఉన్న పద్ధతికి అది స్వల్పమైన మార్పు మాత్రమేనని నిర్ణయించింది. ఆ పరీక్షకు సమర్థుడైన వృత్తికారుణ్ణి కొలమానం చేసి, కేవల శ్రామికుని నుండి అతనిని వేరుచేసింది. ఈ భేదానికి తెలుగులో ‘పనిమంతుడు’, ‘పనివాడు’ అనే మాటలు సిద్ధంగానే ఉన్నాయి.

ఇటువంటి మాటలను ఎక్కడ వెదకాలి? పిఠాపురం మహారాజా సూర్యారావు పోషణలో వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గ్రాంథిక పదసంపదను భద్రపరచింది, గ్రామ్యాన్ని దూరముంచింది. ఆ లోటును పూరించినది భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశం. దాని వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. న్యాయపరిభాషాకర్తలు మొదటిదానితో ఆగిపోతే చేతిపని నుడి చట్టానికి అందదు.

ఈ చర్చ పదాలకే పరిమితం కాదు. 1970 పేటెంట్ల చట్టపు 64వ సెక్షన్ స్థానిక సముదాయాల మౌఖికజ్ఞానాన్ని సైతం పేటెంటు రద్దుకు ఆధారంగా అంగీకరిస్తుంది. పిఠాపురం చేరువలోని ఉప్పాడ జాంధానీ నేతగాళ్ల, అజ్జరం ఇత్తడి పనివారల నేర్పు చాలావరకు నోటిమాటగా, చేతివాటంగా సాగేదే. ‘స్పష్టం’ అనే పదం న్యాయమూర్తి చూపును కొలమానం చేస్తుంది. ‘పనిమంతునికి తట్టేది’ అనే పదబంధం ఆ నేర్పును కొలమానం చేస్తుంది. వెనుకచూపు వలన నిజమైన ఆవిష్కర్తకు కలిగే నష్టాన్నీ అదే నివారిస్తుంది. అందుచేత తెలుగు న్యాయపరిభాషలో రెండవదే గ్రాహ్యం.