లువార్ గడీలకు రెండు దారులు

యాత్రా రచన కూడా సాహిత్యమే గనుక దానికీ విమర్శ వుండాలి. ఒక కట్టడాన్ని చూచి రచయిత ఏం రాశాడన్నదాన్నిబట్టి, అతను ఎవరి పక్కన నిలబడి చూచాడో తెలుస్తుంది. ఫ్రాన్సులో లువార్ నదీ ప్రాంతాన వున్న షాతోల గురించి ఇటీవల తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వస్తున్న వర్ణనలు కొన్ని చదివాను. ఆ షాతోల్లో కొన్నిటిని స్వయంగా చూచాను. చదివినదానికీ చూచినదానికీ మధ్య వున్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

ముందుగా ఒక మాట సంగతి. 'షాతో' అనే ఫ్రెంచి మాటను మనవారు 'కోట' అని అనువదిస్తున్నారు. అది సగమే సరి. కోట అనగానే ఫిరంగులూ, కందకాలూ, ముట్టడులూ మనస్సులో మెదులుతవి. పదహారవ శతాబ్దంలో కట్టిన ఈ షాతోల్లో బురుజులున్నవి గాని, అవి చాలావరకు అలంకారానికే. షాతో అంటే ప్రభువు నివాసం. చుట్టుపక్కల పొలాలమీద, అడవిమీద, పిండిమరమీద, చివరికి మనుషుల వెట్టిమీద అతనికున్న హక్కులకు కేంద్రం. తెలంగాణ పల్లెల చరిత్ర తెలిసిన పాఠకుడికి దీనికి తగిన మాట వెంటనే తడుతుంది: గడీ. ఈ ఒక్క మాట మార్చి చదివితే ఆ వర్ణనల స్వరమే మారిపోతుంది. షెనాన్సోను అందరూ 'రాణుల కోట' అని మురిపెంగా రాస్తారు. 'రాణుల గడీ' అని రాసి చూడండి, ఆ మురిపెం ఎంతసేపు నిలుస్తుందో!

ఈ రచనలన్నిటిలోనూ తప్పకుండా కనిపించే చర్చ ఒకటున్నది. షాతోలకు రైలులో పోవటం మేలా, కారు అద్దెకు తీసుకోవటం మేలా? దీనిమీద పేజీలకు పేజీలు ఖర్చుపెడతారు. పారిస్ మోపర్నాస్ స్టేషనులో వేగరైలు ఎక్కితే సుమారు ఒక గంటలో తూర్ నగరం పక్కనున్న సాన్ పియేర్ దె కోర్ చేరవచ్చు. తూర్ నుంచి చిన్న రైలు అరగంటకు షెనాన్సోలో దించుతుంది. స్టేషను షాతో వాకిలి దగ్గరే. అజే-ల-రిదోకు కూడా రైలున్నది. షాంబోర్‌కు మాత్రం లేదు. 'బ్లువా–షాంబోర్' అని బోర్డు పెట్టుకున్న స్టేషనుకూ షాంబోర్‌కూ మధ్య పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం. సీజనులో బస్సు నడుస్తుంది, తక్కిన రోజుల్లో ప్రయాణికుడి పాట్లు ప్రయాణికుడివి. కనుక కారే మంచిదనీ, కారుంటే రోజుకు మూడు షాతోలు చూడవచ్చుననీ మన రచయితలు తీర్పు చెబుతారు. చర్చ అక్కడితో ముగుస్తుంది. అసలు ప్రారంభం కావలసింది అక్కడనే.

ఎందుకంటే వాహనం సౌకర్యానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. రైలు దారికొక చరిత్ర వున్నది. 1846లో తూర్ దాకా రైలు వచ్చినప్పుడు అందులో మొదటి తరగతి యాత్ర చేసినవారు ధనికులు. సామాన్య కార్మికుడు విహారానికి రైలెక్కే రోజు రావటానికి ఇంకా తొంభై ఏళ్లు పట్టింది. 1936 మే, జూన్ నెలల్లో ఫ్రెంచి కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి సమ్మెలు చేశారు. ఆ వొత్తిడి ఫలితంగా పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం జూన్ 20న రెండు వారాల జీతంతో కూడిన సెలవును చట్టం చేసింది. ఆ వేసవిలోనే లియో లాగ్రాంజ్ చొరవతో, సెలవుపై పోయే కార్మికులకు రైలు టిక్కెట్టులో 40 శాతం తగ్గింపు ఇచ్చారు. తాతలు పన్ను కట్టిన గడీ వాకిట్లోకి మనుమలు టిక్కెట్టు కొనుక్కుని, తలెత్తుకుని నడిచివచ్చారు. 1938లో రైల్వేలు జాతీయ సంస్థగా ఏర్పడినవి. షెనాన్సో స్టేషనులో దిగే యాత్రికుడు ఈ చరిత్రమీదుగానే దిగుతున్నాడు.

ఇక సాన్ పియేర్ దె కోర్. దీని గురించి నేను చదివిన వర్ణనల్లో దొరికింది ఒకే ఒక వాక్యం: 'ఇక్కడ రైలు మారాలి.' ఇది రైల్వే కార్మికుల పట్టణం. 1920 నుంచి 2020 దాకా గడిచిన వంద సంవత్సరాల్లో అత్యధిక కాలం దీనికి కమ్యూనిస్టులే మేయర్లు. పక్కనున్న తూర్‌లోనే 1920 డిసెంబరులో ఫ్రెంచి సోషలిస్టుల మహాసభ జరిగి, అందులోనుంచి ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీ పుట్టింది. ఆ సభలో లేచి ఇండో చైనా ప్రజల బాధలు చెప్పిన సన్నని యువకుడు తరువాత హోచిమిన్‌గా ప్రపంచానికి తెలిశాడు. రాజులు ఏ గదిలో ఏ మంచంమీద పడుకున్నారో వివరంగా రాసే యాత్రికుడికి ఈ పట్టణం ప్లాట్‌ఫారంగా మాత్రమే కనబడటం యాదృచ్ఛికం కాదు. మార్గదర్శక గ్రంథం ఎక్కడ చూడమంటే అక్కడ చూచే కంటికి తక్కినదంతా చీకటి.

అయితే కారును పూర్తిగా తీసిపారేయటం కూడా న్యాయం కాదు. ఒక కార్ల నిలుపుదల స్థలంనుంచి మరొక నిలుపుదల స్థలానికి పరుగెత్తే యాత్రకు షాతోలు వరసపెట్టి కొట్టివేసే జాబితాగా మారుతవి; వాటి మధ్య వున్న దేశం అదృశ్యమవుతుంది. కాని అదే కారును ఆపాలనుకున్న చోట ఆపవచ్చు గదా! తూర్‌కు తూర్పున, నది ఉత్తరపు గట్టున, రోష్‌కోర్బోన్, వూవ్రే గ్రామాల దగ్గర సున్నపురాతి కొండచరియ నిలువునా లేచి వుంటుంది. ఆ చరియలో తలుపులు, కిటికీలు, కొండపైకి పొడుచుకువచ్చిన పొగగొట్టాలు కనిపిస్తవి. అవి ఇళ్లు. ఈ ప్రాంతపు షాతోలు, చర్చీలు కట్టటానికి తూఫో అనే మెత్తని తెల్లరాయిని తవ్వి తీసుకుపోయారు. తవ్విన చోట మిగిలిన గుహల్లో పేదలు కాపురాలున్నారు. రాయి దొరగారి గోడ అయింది. రాయి తీసిన గుంత పనివాడి ఇల్లయింది. లువార్ శిల్పకళ గురించి ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానం నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు. ఈనాడు ఆ గుహల్లో కొన్ని ఖరీదైన వసతిగృహాలయినవి. పేదరికం కూడా కాలం గడిస్తే అద్దెకు దొరుకుతుంది.

ఇప్పుడు షాతోలోపలికి వద్దాం. వీటిని ఎవరు కట్టారు? రాళ్లెత్తిన కూలీల ప్రశ్న తెలుగు కవిత్వం ఏనాడో వేసింది. దానికి తోడు మరో ప్రశ్న వేయాలి: డబ్బు ఎవరిది? షెనాన్సోను 1513 నుంచి కట్టించిన తోమా బోయే రాజుగారి ఆర్థిక శాఖలో పెద్ద అధికారి. అజే-ల-రిదోను కట్టించిన జిల్ బెర్తెలో కూడా అటువంటి అధికారే. వీరికి బంధువూ, ఆర్థిక వ్యవహారాలకు పెద్దా అయిన సాంబ్లాన్సేను 1527లో రాజు ఉరితీయించాడు. అది చూచి బెర్తెలో పారిపోయాడు. పూర్తికాని అజే రాజు చేతికి చిక్కింది. బోయే కొడుకు తండ్రి బాకీల కింద 1535లో షెనాన్సోను రాజుకు అప్పగించాడు. అంటే, ఆ సున్నితమైన కిటికీలూ మెట్లూ పన్నుల లెక్కల పుస్తకంలోనుంచి లేచినవే. ప్రభువులకు, మతాచార్యులకు మినహాయింపు గల 'తాయ్' పన్నును మోసింది ముఖ్యంగా రైతు. ఉప్పుమీది 'గాబెల్' పన్ను ఈ ప్రాంతంలో మరీ భారం. మనిషి తలకు ఇంత ఉప్పు కొని తీరాలన్న నిర్బంధం కూడా వుండేది. 1930లో ఉప్పు చేసి జైళ్లకు పోయిన జాతికి ఈ పన్ను స్వభావం వివరించనక్కర లేదు.

షాంబోర్ సంగతి మరీ విచిత్రం. 1519లో ఒకటవ ఫ్రాన్స్వా ప్రారంభించిన ఈ బ్రహ్మాండమైన కట్టడంలో నాలుగు వందలకు పైగా గదులున్నవి. 32 ఏళ్లు పాలించిన ఆ రాజు ఇందులో గడిపింది మొత్తంమీద కొన్ని వారాలు. ఇది వేటకోసం కట్టిన విడిది. దాని అడవి చుట్టూ వున్న గోడ పొడవు 32 కిలోమీటర్లు. తన చేను మేసే జింకను రైతు చంపరాదన్న చట్టానికి ఆ గోడ గుర్తు. వేట ప్రభువుల ప్రత్యేక హక్కుగా వుండటం 1789 ఆగస్టులో గాని పోలేదు.

చరిత్రలో వ్యంగ్యం లేకపోలేదు. పద్దెనిమిదవ శతాబ్దంలో షెనాన్సోను కొన్న క్లోద్ దుపాన్ పన్నుల ఇజారాదారు. రాజుకు ముందుగా సొమ్ము చెల్లించి, ప్రజలనుంచి లాభంతో వసూలు చేసుకునే వర్గానికి చెందినవాడు. ఆయన భార్య లువీజ్ దుపాన్ విదుషీమణి; స్త్రీల స్థితిని గురించి పెద్ద గ్రంథం తలపెట్టింది. దానికి ఆమె పెట్టుకున్న కార్యదర్శి రూసో. 1747లో ఆయన ఇక్కడ కొంతకాలం వున్నాడు. ఎనిమిదేళ్లకు, 1755లో, మానవుల అసమానత మూలాలపై తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించాడు. ఇజారాదారు బల్లవద్ద భోజనం చేసినవాడికి అసమానత గురించి పాఠం చెప్పే గురువు అక్కరలేదు!

ఇంతకూ ఈ కట్టడాలపట్ల మన వైఖరి ఏమిటి? మనలో రెండు తప్పుదారులున్నవి. సౌందర్యం చూచి మైమరచి లెక్కలు అడగకపోవటం మొదటిది. 'ఇవి దోపిడీదారుల ఇళ్లు, మనకెందుకు?' అని ముఖం తిప్పుకోవటం రెండవది. రెండవది విప్లవకరంగా ధ్వనిస్తుంది గాని, విప్లవం చేసినవారు అట్లా ఆలోచించలేదు. 1789 వేసవిలో ఫ్రెంచి రైతులు అనేక ప్రాంతాల్లో షాతోలమీద పడ్డారు. కొన్నిచోట్ల భవనాలు కూడా కాలినవి, నిజమే. కాని వారు ముఖ్యంగా వెదికింది తమ బాకీలూ వెట్టీ రాసివున్న దస్తావేజులకోసం. తెలంగాణ సాయుధ పోరాటంలో అప్పు పత్రాలు తగలబెట్టిన రైతులకు ఈ తర్కం తెలుసు. 1793 జులై 17న కన్వెన్షన్ భూస్వామ్య బకాయిలను నష్టపరిహారం లేకుండా రద్దుచేసి, ఆ దస్తావేజులను కాల్చివేయమని శాసించింది. ఆ మరుసటి ఏడాదే అదే కన్వెన్షన్‌లో గ్రెగ్వార్ అనే సభ్యుడు కళాఖండాల విధ్వంసాన్ని ఖండిస్తూ నివేదికలు సమర్పించాడు. ఆ విధ్వంసానికి 'వాండలిజం' అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చింది ఆయనే. ఆయన ఎక్కడివాడనుకున్నారు? షాంబోర్ వున్న జిల్లాకే, బ్లువా పట్టణంలో బిషప్పు. నీగ్రో బానిసల విముక్తికి పోరాడినవాడు. పత్రం కాలాలి, గోడ నిలవాలి: ఈ రెండూ ఒకే విప్లవం చెప్పిన మాటలు. ప్రజల చెమటతో లేచిన గోడ ప్రజల ఆస్తి గనుక.

గోడ నిలిస్తే దాని అర్థం మారుతుంది కూడా. షేర్ నదిమీద కట్టిన షెనాన్సో నాట్యశాలలో మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికుల మంచాలు వేశారు. రెండు వేలమందికి పైగా అక్కడ చికిత్స పొందారు. 1940 నుంచి 1942 దాకా ఆ నదే జర్మను ఆక్రమిత ప్రాంతానికి సరిహద్దు. నాట్యశాల ఉత్తరపు కొస ఆక్రమణలో వుంది. దక్షిణపు తలుపు అవతలి గట్టున తెరుచుకుంటుంది. ఆ తలుపుగుండా మనుషులను రహస్యంగా దాటించారు. రాణులు నాట్యం చేసిన గచ్చుమీద ప్రాణాలకోసం నడిచినవారి అడుగులు నాకు మరింత విలువైనవిగా తోచినవి. అయినా ఆ భవనం నేటికీ, 1913లో దాన్ని కొన్న చాకొలెట్ ఫ్యాక్టరీ యజమానుల కుటుంబం చేతిలోనే వున్నదన్న సంగతి మరువరాదు. షాంబోర్ 1930 నుంచి ప్రభుత్వానిది. ఒకే లోయలో రెండు రకాల వారసత్వం!

కనుక యాత్ర చేయబోయే విద్యార్థులకూ, చేసి రాయబోయే ఉపాధ్యాయులకూ నా మనవి ఇది. రైలులో పొండి, వీలుకాకపోతే కారులో పొండి. కాని సాన్ పియేర్ దె కోర్‌లో రైలు మారేటప్పుడు ఒకసారి పట్టాలవంక చూడండి; కొండచరియ దగ్గర కారు ఆపండి. షెనాన్సో వంటిళ్లు నదిలో దిగిన వంతెన స్తంభాల కడుపులో వున్నవి; పడకగదుల్లో గడిపినంతసేపు అక్కడ కూడా నిలబడండి. ప్రతి గదిలోనూ మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు కట్టారు, ఎవరు చెల్లించారు, ఇప్పుడు ఎవరిది?

ఈ ప్రశ్నలు మనకు ఇంటి దగ్గర కూడా పనికివస్తవి. తెలంగాణలో అనేక గడీలు పట్టించుకునేవారు లేక కూలుతున్నవి. దొరలమీది కోపంతో వాటిని కూలనిద్దామా? గడీ కూలిన చోట వెట్టికి వున్న సాక్ష్యం కూడా మట్టిలో కలుస్తుంది. ముందు తరాలవాడు అక్కడ చక్కని విందుశాల కట్టుకుని, పూర్వం ఇక్కడ దయగల ప్రభువు వుండేవాడని కథ చెబుతాడు. ఆ కథను ఖండించటానికి మన పుస్తకాలు ఒక్కటే చాలవు. గోడలు కూడా కావాలి.